మారికుప్పం దాకా ఒక టికెట్టు

మొదటి రోజు: కుప్పం నుంచి మరో కుప్పానికి

మా కుప్పానికీ మారికుప్పానికీ నేరుగా కొలిస్తే పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఈ రెండింటినీ కలుపుతూ రైలు మార్గం వేస్తారన్న మాట మా ఊళ్ళో ఏళ్ళ తరబడి నానుతోంది. అది పూర్తయ్యేదాకా బంగారుపేట చుట్టి వెళ్ళవలసిందే. జనవరి చలిలో, పండుగ వెళ్ళిన వారానికి, ఆ చుట్టుదారే పట్టాను.

చిన్నప్పుడు మా మేనమామ చిగురుగుంట గనిలో పని చేసేవాడు. కోలారు బంగారు గనుల సంస్థకే అదీ ఒక చిన్న గని, మన చిత్తూరు జిల్లాలోనే. జీతాల లెక్కల పని మీద నెలకోసారి కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వెళ్ళి, వచ్చేటప్పుడు అక్కడి బేకరీ నుంచి కాగితంలో చుట్టిన కేకు ముక్కలు తెచ్చేవాడు. బంగారు గని నుంచి మా ఇంటికి చేరినది ఆ కేకు ఒక్కటే. మా అమ్మ మెడలోని గొలుసు మాత్రం కుప్పం బజారులో అప్పు చేసి కొన్నది.

బంగారుపేట పేరు చూసి ఇక్కడే బంగారం దొరికిందనుకునేవాళ్ళున్నారు. నిజానికి మైసూరు కమిషనర్‌గా పనిచేసిన బౌరింగ్ దొర పేరుమీద అది బౌరింగ్‌పేట. జనం నోళ్ళలో నాని బంగారుపేట అయింది. దొర పేరు అరిగిపోయినా, లోపల నుంచి ఊరికి తగిన పేరే బయటికి వచ్చింది.

అక్కడ రైలు మారాను. మధ్యాహ్నం బండి, పెట్టెలో మేము నలుగురమే. 1894లో గనుల కోసం వేసిన ఈ దారి ముఖ్య మార్గం నుంచి చీలి, మారికుప్పం వరకూ పోయి ఆగిపోతుంది. కోరమండల్, ఉరిగాం, చాంపియన్, చివరికి మారికుప్పం. గనికొక స్టేషన్. ఒకటి దాటి ఇంకొకటి వచ్చేలోపు వేరుశనక్కాయల పొట్లం కూడా పూర్తి కాదు. కిటికీలోంచి మొదట తుమ్మ చెట్లు, తరువాత తుప్పు పట్టిన ఇనుప గోపురాలు, వాటి వెనుక బూడిదరంగు కొండలు. అవి కొండలు కావని తెలిసినా కళ్ళు నమ్మవు.

మారికుప్పంలో పట్టాలు ఆగినచోట దిగి కాసేపు నిలబడ్డాను. ఈ కథ మొదలైంది ఇక్కడే. 1799లో టిప్పు పతనమయ్యాక మైసూరు ఎల్లలు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఈ చుట్టుపక్కల మట్టిలో బంగారం దొరుకుతుందన్న మాట విన్నాడు. తెచ్చి చూపినవాళ్ళకు బహుమానమిస్తానని 1802లో చాటించాడు. కొందరు పల్లె జనం ఎడ్లబండి నిండా మట్టి పోసుకుని వచ్చి, ఆయన కళ్ళ ముందే కడిగారు. అడుగున పసుపు నలుసులు మిగిలాయి. ఆ మట్టి కడిగే విద్య వాళ్ళకు ఎన్ని తరాలుగా ఉన్నదో, పాత గుంతలను చూస్తే ఊహించుకోవచ్చు. కనుగొన్నవాడిగా చరిత్రలో పేరున్నది మాత్రం వారెన్‌కే. బండి తోలుకొచ్చిన వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు.

ఆ సంగతి మీద వారెన్ రాసిన కాగితం డెబ్బై ఏళ్ళు అలాగే పడి ఉంది. న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి బెంగళూరులో స్థిరపడిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ సిపాయి దాన్ని చదివి, 1871లో ఎడ్లబండి కట్టించుకుని వంద కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికొచ్చాడు. 1875లో తవ్వుకోవడానికి అనుమతి సంపాదించాడు. కానీ గని తవ్వాలంటే ముందు బంగారం ఉండాలి, అదీ జేబులో. అతడి జేబు చాలలేదు, హక్కులు చేతులు మారాయి. 1880లో లండన్ నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగాక అసలు తవ్వకం సాగింది. లావెల్‌కు మిగిలినది బెంగళూరులో ఒక రోడ్డు పేరు.

రాత్రి రాబర్ట్‌సన్‌పేటలో ఒక లాడ్జి. దుప్పటి పలచన, దోమలు బలంగా ఉన్నాయి.

రెండో రోజు: చాంపియన్ రీఫ్

ఈ ఊళ్ళో బోర్డుల మీద కన్నడం, ఇళ్ళల్లో తమిళం, సంతలో తెలుగు. పొద్దున టీ కొట్టు దగ్గర నా తెలుగు విని ఒక పెద్దాయన తిరిగి చూశాడు. ఎనభైకి దగ్గరపడిన వయసు, మెడచుట్టూ మఫ్లరు. "ఎక్కడి నుంచి తంబీ?" అన్నాడు. కుప్పం అన్నాను. "మా అవ్వది పలమనేరు" అని, తన గ్లాసు పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. చాంపియన్ గనిలో 31 ఏళ్ళు పనిచేశాడట. ఆయన నాన్న, తాత కూడా అదే గనిలో.

ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే ఇక్కడ ఎక్కువ. 1911 దాకా మన చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటులో భాగమే కాబట్టి వాళ్ళలో తెలుగువాళ్ళూ కలిసి ఉన్నారు. ఎక్కువమంది దళితులు. ఊళ్ళో దొర కింద వెట్టి చేయడం కంటే భూమి కింద కూలి మేలనుకున్నవాళ్ళు. ఇక్కడ నెల తిరిగేసరికి చేతిలో డబ్బు పడేది, చదువు దగ్గరకొచ్చింది. తమిళ మేధావి అయోతి దాస్ పండితుడి బౌద్ధ సంఘానికి ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలోనే మారికుప్పంలో శాఖ ఉండేది. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుంటామని కంపెనీలు ఆజ్ఞ వేస్తే, మేము దొంగలమా అని పని మానేసి వారాల తరబడి సమ్మె చేసినవాళ్ళు ఈ లైన్ల ఇళ్ళలో ఉండేవాళ్ళే. బంగారు గనుల కథ చెప్పేవాళ్ళు దొరలనూ, లోతులనూ చెప్పి దీన్ని వదిలేస్తారు. నాకైతే ఈ మట్టిలో తేలిన అసలు సరుకు ఇదే అనిపిస్తుంది.

పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. గనిలోకి నిలువుగా దిగే గిఫర్డ్ షాఫ్టు ఇనుప గోపురాన్ని కంచె అవతల నుంచే చూడాలి. లోపలికి పోనివ్వరు, పోయినా చూసేదేమీ లేదు, కింద అంతా నీళ్ళు. చాంపియన్ రీఫ్ గని తవ్వకాలు నేల నుంచి 3.2 కిలోమీటర్ల లోతుకు దిగాయి. తిరుమల కొండ ఎత్తుకు మూడు రెట్లు పైనే. ఒక దశలో ప్రపంచంలోకెల్లా లోతైన గనుల్లో ఇదొకటి. అంత అడుగున రాయి 65 డిగ్రీల వేడి మీద ఉండేది. పైనుంచి చల్లగాలిని యంత్రాలతో కిందికి తోసేవారు.

"కేజిలో, అదే ఇనుప లిఫ్టులో దిగేటప్పుడు చెవులు గుయ్యిమనేవి. ఒకచోట దిగి, నడిచి, ఇంకో కేజి ఎక్కి, మళ్ళీ దిగడం. పని దగ్గరకు చేరేసరికే ఒళ్ళంతా చెమట. బట్టలు పిండుకుని డ్రిల్లు పట్టుకునేవాళ్ళం."

"భయం వేసేది కాదా?"

"వేడికి భయం గుర్తుకొచ్చేది కాదు. ఏర్ బ్లాస్టు అంటే భయం."

అంత లోతున పైనున్న బరువంతా పక్క రాళ్ళ మీద పడుతుంది. ఒక్కోసారి ఆ ఒత్తిడి తట్టుకోలేక రాయి బాంబులా పగులుతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని ఏర్ బ్లాస్టు అనేవారు. పైన లైన్లలో ఇళ్ళు ఊగేవి, గూట్లో గిన్నెలు కింద పడేవి. "గిన్నె పడిందంటే ఆడవాళ్ళు పొయ్యి మీద అన్నం వదిలేసి షాఫ్టు దగ్గరికి పరుగు. కేజి పైకొచ్చిన ప్రతిసారీ ఎవరు దిగుతున్నారో చూసేవారు. మా అమ్మ అలా రెండుసార్లు పరుగెత్తింది. రెండోసారి నాన్న దిగలేదు." అదే మాటలో ఇంకో టీ చెప్పాడు.

ఆయన ఇల్లు లైన్లలో ఉంది. లైన్లంటే వరసగా గోడకు గోడ అంటించి కట్టిన గదులు, పైన రేకులు. ముందు వసారాను తరువాత వీళ్ళే చేర్చుకున్నారు. గోడకు కొట్టిన మేకుకు ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. అర్ధరూపాయి కంటే పెద్దది, అంచున రంధ్రం, మధ్యలో నాలుగంకెల నంబరు. అరిగి, రెండో అంకె ఎనిమిదో మూడో తెలియడం లేదు. ముట్టుకుంటే నూనె రాసినట్టు నున్నగా ఉంది. "గని మూసిన రోజు తిరిగి ఇమ్మన్నారు. పోయిందని చెప్పాను," అని నవ్వాడు, నవ్వు దగ్గులోకి జారింది. ఆ దగ్గు ఆగేదాకా మేమిద్దరం బిళ్ళనే చూస్తూ కూర్చున్నాం.

కరెంటు సంగతి అడిగాను. ఎందుకంటే 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర కట్టిన జలవిద్యుత్ కేంద్రం నుంచి తొలి తీగలు లాగినది ఈ గనులకే. దాదాపు 150 కిలోమీటర్ల లైను, ఆ రోజుల్లో ప్రపంచంలోనే పొడవైన వాటిలో ఒకటి. బెంగళూరు వీధిదీపాలు 1905లో గానీ వెలగలేదు. "తీగ మా తల మీద నుంచే పోయింది తంబీ. మా గదిలోకి దిగింది మా నాన్న కాలంలో" అన్నాడాయన.

ఇదే గని లోపల, 1965లో, భారతీయ, జపాన్, బ్రిటిష్ శాస్త్రవేత్తల బృందం వాతావరణంలో పుట్టే న్యూట్రినో అనే కణం జాడ పట్టింది. పైనున్న రెండు కిలోమీటర్ల రాయి మిగతా కిరణాలను దాదాపు అన్నింటినీ ఆపేస్తుంది కనుక ఇక్కడ పరికరాలు పెట్టారు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోనూ ఇంకొక బృందం దాన్ని పట్టింది, అదీ బంగారు గనిలోనే. బంగారం కోసం తవ్విన లోతు బంగారానికి సంబంధంలేని పనికి ఇంతగా ఉపయోగపడిందంటే తమాషాగానే ఉంటుంది. పెద్దాయనకు తన కాలంలో వచ్చిన శాస్త్రవేత్తలు గుర్తున్నారు. "పెట్టెలు మోయడానికి మమ్మల్నే పిలిచేవారు. లోపలేముందో అడిగితే, అదే వెతుకుతున్నాం అనేవారు."

సాయంత్రం సైనైడ్ దిబ్బలెక్కాను. తవ్విన రాయిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించి లాగేశాక మిగిలిన పొడి ఇది. నూటఇరవై ఏళ్ళలో ఇక్కడ తీసిన బంగారం సుమారు 800 టన్నులు. మిగిలిన పిప్పి మూడు కోట్ల టన్నులకు పైనే, 13 దిబ్బలుగా. పైపెంకు అప్పడంలా గట్టిగా ఉండి, అడుగు వేస్తే పటుక్కున విరుగుతుంది, కింద మెత్తటి పిండి. వానలకు కోసుకుపోయిన వాగులు మనిషి నిలువు లోతున్నాయి. గాలి ఎక్కువగా వీచే నెలల్లో ఈ పొడి ఊరంతా కమ్ముతుందని, కూరలో ఉప్పు తక్కువైనా దుమ్ము తక్కువ కాదని కింద పిల్లలకు క్రికెట్ నేర్పుతున్న ఒకాయన చెప్పాడు. ఆ పిల్లల వికెట్లు ఆ పొడిలోనే దిగేసి ఉన్నాయి. కేజీఎఫ్ సినిమా చూసి ఫోటోల కోసం వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు నల్ల కళ్ళద్దాలతో చేతులు కట్టుకుని నిలబడ్డారు. గాలి తిరిగి, పొడి మొహాన కొట్టింది. పౌరుషమంతా తుమ్ముల్లో పోయింది.

ఇక్కడ నిలబడితే గని ఎందుకు మూతపడిందో లెక్కలు లేకుండానే అర్థమవుతుంది. తొలి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటి బంగారం వచ్చేది. చివరికి మూడు గ్రాములకు దిగింది. ఆ మూడు గ్రాముల కోసం మూడు కిలోమీటర్లు దిగాలి, నీళ్ళు తోడాలి, గాలి తోయాలి. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే కొత్త సంస్థ. బోర్డులు మారాయి గానీ రాయి మారలేదు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. విచిత్రమేమిటంటే అప్పుడు బంగారం ధర రెండు దశాబ్దాల్లోకెల్లా అడుగున ఉంది, పది గ్రాములు ఐదు వేల రూపాయలకు లోపే. తరువాత అది ఎక్కడికి పోయిందో పెళ్ళీడు ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఇప్పుడు ఈ పిప్పిలోనూ బంగారం మిగిలి ఉందని మళ్ళీ కన్ను పడింది. 13 దిబ్బలనూ వేలం వేయడానికి కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది.

మూడో రోజు: దొరల వైపు

ఉరిగాం వైపు వెళ్ళాను. ఎర్ర పెంకుల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చిలు. చిన్న ఇంగ్లండ్ అని పేరు పెట్టుకున్న చోటు. కోలారు చలి వాళ్ళకు సరిపడింది. కొన్ని బంగళాల్లో కిటికీ తలుపులు ఊడిపోయి, పొయ్యి గొట్టంలోంచి రావి మొక్క మొలిచింది. వాటి గురించి ఇప్పటికే అందరూ నిట్టూర్చారు, నేను కొత్తగా నిట్టూర్చడానికేమీ మిగల్లేదు. బేకరీ మాత్రం వెతికాను. మామయ్య కొన్నది ఇదేనో కాదో తెలియదు. కేకు బాగుంది, చిన్నప్పటంత కాదు. ఆ తప్పు కేకుది కాకపోవచ్చు.

మధ్యాహ్నం బేతమంగళం దారిలో పెద్దపల్లి దగ్గర జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించిన లావా రాళ్ళు చూశాను. ఊరి పేరు చూడండి, ఎంత చక్కటి తెలుగో. కోట్ల ఏళ్ళ కిందట పొంగిన లావా ఇది. మేకలు వాటి మీద ఎండ కాగుతున్నాయి. తిరిగి వస్తూ కమ్మసంద్ర కోటిలింగేశ్వరుణ్ణి చూశాను. 108 అడుగుల లింగం చుట్టూ లెక్కలేనన్ని లింగాలు. జనం మాత్రం గనుల దగ్గరకంటే ఇక్కడే నూరురెట్లు.

నాలుగో రోజు: పొద్దుటి షిఫ్టు

కేజీఎఫ్‌ను దయ్యాల పట్టణం అని రాసేవాళ్ళందరినీ తెల్లవారకముందు మారికుప్పం ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాలి. చీకట్లోనే జనం. చేతుల్లో టిఫిను డబ్బాలు, తలకు ఉన్ని టోపీలు, స్వెట్టర్ల మీద కంపెనీల గుర్తింపు కార్డులు. మొదటి రోజు ఖాళీగా చూసిన పెట్టెలివేనా అనిపించింది. మారికుప్పంలోనే సీట్లు నిండాయి. చాంపియన్‌లో నిలబడే చోటు నిండింది. ఉరిగాంలో ఎక్కినవాళ్ళు తలుపు దగ్గరే ఆగిపోయారు.

ఈ నగరసభలో 2011 జనాభా లెక్కల ప్రకారం 1,60,000 మందికి పైగా ఉన్నారు. గని పోయింది, మనుషులు పోలేదు. 1964లో ఏర్పడిన బీఈఎంఎల్ సంస్థ భారీ యంత్రాల కర్మాగారం ఇక్కడే ఉన్నా, అందరికీ పని అక్కడ దొరకదు. అందుకే రోజూ వేలమంది బెంగళూరు పోయి రాత్రికి తిరిగి వస్తారు.

నాకు ఎదురుగా కూర్చున్నామె బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుందట. పక్కన సెక్యూరిటీ గార్డు, ఆ పక్కన ఆసుపత్రిలో ల్యాబు పిల్లవాడు. బంగారుపేట రాకముందే ముగ్గురూ నిద్రపోయారు, ఆమె తల కిటికీకి, గార్డు తల ఆమె బుట్టకు. రోజుకు నాలుగైదు గంటలు రైల్లోనే గడుస్తుందని ల్యాబు పిల్లవాడు మేలుకున్నప్పుడు చెప్పాడు. "తాత గనిలోకి దిగడానికి గంట పట్టేదట. మాకు రెండున్నర గంటలు. మాకు లోతు ఎక్కువ." అతడు నవ్వుతూనే అన్నాడు. నిలువుగా దిగే షాఫ్టును ఎవరో పడగొట్టి, బెంగళూరు దాకా నేలమీద పడుకోబెట్టినట్టు తోచింది నాకు. చీకట్లో దిగడం, చీకటి పడ్డాక పైకి రావడం అలాగే ఉన్నాయి.

బెంగళూరులో జనం దిగాక కాఫీ తాగి, ఒకటి రెండు పనులు చూసుకుని, అదే జనంతో సాయంత్రం బండికి వెనక్కి వచ్చాను. పొద్దున చూసిన కుట్టుపనామె నన్ను గుర్తుపట్టి, "మీకూ పని దొరికిందా?" అని అడిగింది.

ఐదో రోజు: చిగురుగుంట

ఇంటికి పోయే దారిలో బిసానత్తంలో దిగాను. కోలారు గనుల రాతిపట్టీ దాదాపు 80 కిలోమీటర్ల పొడవున సాగి, రాష్ట్రాల సరిహద్దును పట్టించుకోకుండా మా గుడుపల్లె మండలంలోకి వస్తుంది. చిగురుగుంట, బిసానత్తం గనులు ఆ పట్టీ మీదివే. అనంతపురం వైపు రామగిరిలో బ్రిటిష్ వాళ్ళు 1927 దాకా తవ్వి వదిలేసిన చోట కూడా తరువాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే మళ్ళీ తవ్వింది. కేజీఎఫ్ గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఈ చిన్న గనుల మూతకు ఒక్క కన్నీటి చుక్క రాల్చినవాళ్ళు లేరు.

గని గేటు దగ్గర ఇప్పుడు కంప, రెండు చింత చెట్లు, ఇనుప గోపురం. కొన్నేళ్ళ కిందట వేలంలో ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దీన్ని దక్కించుకున్నప్పటి నుంచి, ఇదిగో తెరుస్తారు అదిగో తెరుస్తారు అనే మాట టీ కొట్టులో ఒకటే. "ఈసారి స్థానికులకే ఉద్యోగాలు" అని ఒకరు, "ఈసారి అంతా యంత్రాలే, నీకూ నాకూ ఏముంటుంది" అని ఇంకొకరు. ఇద్దరూ నావైపు చూశారు, ఏదో కబురు తెచ్చినవాణ్ణి అనుకుని.

మామయ్య పోయి తొమ్మిదేళ్ళు. అత్తయ్య ఒక్కతే ఉంటోంది, కొడుకు పక్క వీధిలో. అన్నం పెట్టాక, అటక మీద నుంచి ఏదో దించమని నిచ్చెన ఎక్కించింది. గోనెసంచిలో చుట్టిన గంబూట్లు. రబ్బరు గట్టిపడి, మడమ దగ్గర చీలిక, లోపల ఎండిన ఎర్రమట్టి.

"గని తెరుస్తారటగా అల్లుడూ, నిజమేనా?"

"అలాగే అంటున్నారు అత్తా."

"ఈ మాట మీ మామ పోయినప్పుడూ అన్నారు." ఒక బూటు తలకిందులు చేసి గచ్చుకేసి కొట్టింది, మట్టి రాలింది. "మన చిన్నోడి కాలు ఎనిమిదో నంబరు. ఇవీ ఎనిమిదే. మల్బరీ తోటలో రాత్రి కరెంటుకు నీళ్ళు కడుతున్నాడు, పాముల భయం. కుప్పంలో ఈ చీలిక అతికేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

బస్టాండు ఎదురుగా ఒకాయన ఉన్నాడని చెప్పి, బూట్లు సంచిలో వేసుకుని బయలుదేరాను.